గొళ్ళెం

పెల్హామ్ కోవ్ ఫైర్ స్టేషన్ తాళాలు నా దగ్గరే ఉంటాయి.
పొద్దున్నే ఎర్ర ఇంజన్ని మంచులోకి తోలి
నేల మీది నూనె మరకల మీద చాపలు పరిచి
గోడకి పదకొండు మేకులు కొట్టాను.
పన్నెండోది వంకర పోతే జేబులో వేసుకున్నాను.

సాయంత్రానికి ఊరంతా వచ్చింది,
బూట్ల నిండా కరుగుతున్న మంచుతో.
అట్లాంటిక్ గాలి తలుపు తోసినప్పుడల్లా
పదకొండు ముఖాలూ గోడకి తట్టుకుంటున్నాయి.

సాల్మన్ ఏటికి అడ్డంగా కంచె వేస్తే
రాత్రికి రాత్రి పీకేసిన లెవై సిల్లిబాయ్.
మళ్ళీ వేశారు. మళ్ళీ పీకాడు.
ఆరేళ్ళ పాటు అదే అతని ఉద్యోగం.
అన్న శవాన్ని చేపలబండి మీద పెట్టుకుని
శ్మశానం గేటు తెరిచేదాకా
టౌన్ హాలు ముందు రెండు పగళ్ళు కూర్చున్న వెండెల్ క్రోమ్‌వెల్.
ఆ గేటు తెరవనివ్వని వాళ్ళ మనవలు
ఇప్పుడు ఆ బొమ్మ ముందు ఫోటోలు దిగుతున్నారు.
వాళ్ళ తప్పేం లేదు. కేకు కూడా వాళ్ళే తెచ్చారు.

ఏడో బొమ్మ ఒడెస్సా టైన్స్.
పదకొండు మందిలో బతికున్నది ఆమె ఒక్కతే.
తొంభై ఒకటో ఏట, ఊదారంగు టోపీ పెట్టుకుని
తన ముఖం ముందు తనే నిలబడింది.
చాలాసేపు చూసింది.
అందరం చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకున్నాం.

"నోరు మూసి గీశావేం?" అంది.

చిత్రకారిణి నవ్వబోయి ఆగిపోయింది.
"ఆ రోజు నేను అరుస్తున్నాను పిల్లా.
హెర్రింగ్ కోసే బల్ల మీదికెక్కి
గొంతు చిరిగేలా అరుస్తున్నాను.
ఇంత నెమ్మదిగా నా పెళ్ళిలో కూడా లేను."

అప్పుడు చూశాను.
లెవై పెదవులు మూసి ఉన్నాయి. వెండెల్ పెదవులూ.
పదకొండు నోళ్ళూ బుద్ధిగా మూసుకుని ఉన్నాయి,
ప్రార్థనలో కూర్చున్నట్టు.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
మా ఊరు బాగుపడింది మాత్రం
మంచిది కాదని పేరు మోసిన ఈ నోళ్ళ వల్లే.

ఆమె ఎందుకు అరిచిందో నాకు తెలుసు.
ఆ ఫ్యాక్టరీలో మేస్త్రీ మా నాన్న.
పది కొట్టగానే ఆడవాళ్ళ టాయిలెట్‌కి తాళం వేసి
చెవిని మెళ్ళో ఈల పక్కన వేలాడేసుకునేవాడు.
పన్నెండున్నర దాకా ఈలే మోగేది, తాళం కాదు.
ఇంట్లో చాలా మెత్తనివాడు.
నా జ్వరానికి రాత్రంతా మేలుకున్నవాడు.
ఈ రెండూ ఒకే మనిషని
నాకు ఇప్పటికీ కుదురుగా అర్థం కాదు.

బొమ్మకి మూలం పాత పేపర్లో ఫోటో.
అందులో ఎడమ అంచున ఒక మోచెయ్యి ఉంటుంది.
చిత్రకారిణి అక్కడ సముద్రం గీసింది.
బాగానే గీసింది, నీలం కొంచెం ఎక్కువైంది.
మోచెయ్యి ఎవరిదో చెబుదామని నోరు తెరిచి
మళ్ళీ మూసేశాను,
గోడ మీద వాళ్ళలాగే.

ఒడెస్సా నా వైపు తిరిగింది.
గుర్తుపట్టిందో లేదో తెలియలేదు.
"టాయిలెట్ ఎటు?" అంది.

నీళ్ళగొట్టాలు చుట్టిపెట్టే గది పక్కకి
చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.
చెయ్యి చిన్నది. ఉప్పు కోసిన పాత గీతలున్నాయి.
తలుపు మూసుకుంది.
లోపలి నుంచి గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

హాల్లో ఎవరో ఉపన్యాసం మొదలుపెట్టారు.
ఆమె చాలాసేపు బయటికి రాలేదు.
ఎవరో వచ్చి గడియారం చూపిస్తే తల అడ్డంగా ఊపాను.
తాళాల గుత్తి గలగలమనకుండా
పిడికిట్లో గట్టిగా పట్టుకుని
ఆ తలుపు బయటే నిలబడ్డాను.